కొలవడానికి వచ్చినవాళ్ళు

కృష్ణా మండల ఇంజనీర్ల సంఘానికి సంజీవరావు కార్యదర్శి అయిన ఏడే దివిసీమ మీద ఉప్పెన పడింది.

సంఘం అంటే పెద్దదేమీ కాదు, రాష్ట్ర సంఘానికి బెజవాడ శాఖ. గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు మీద మేడగది. గోడకి పాత అధ్యక్షుల ఫొటోలు, మూల ఒక బీరువా, మడత కుర్చీలు. నెలకోసారి సభ్యులు చేరేవారు. ఒకరు వ్యాసం చదివితే మిగతావాళ్ళు టీ తాగుతూ వినేవారు. అప్పుడప్పుడు ఏ సిమెంటు ఫ్యాక్టరీనో, ఏ ఆనకట్టనో చూడ్డానికి యాత్ర వెళ్ళేవారు. ఆ ఏడు మాత్రం సంఘంలో కొంచెం హడావిడి ఎక్కువగా ఉంది. జనవరిలో రాష్ట్ర మహాసభ బెజవాడలోనే జరగబోతోంది. శాఖలన్నిటిలో బాగా పనిచేసిన శాఖకి మహాసభలో షీల్డు ఇస్తారు. బెజవాడ శాఖకి అది ఎన్నడూ రాలేదు.

సంజీవరావుకి ముప్ఫై ఆరేళ్ళు. రోడ్ల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. తండ్రి గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఉపదేశి; ఫాదరు రాని రోజుల్లో గుడిలో జనం చేత ప్రార్థన చెప్పించేవాడు. కొడుకు ఫాదర్ల హాస్టల్లో ఉండి చదువుకుని ఇంజనీరయ్యాడు. ఇప్పుడు భవానీపురంలో అద్దె ఇల్లు, కాన్వెంటులో టీచరు పనిచేసే భార్య అమలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. పెద్ద పెద్ద ఇంజనీర్లున్న సంఘానికి తనని కార్యదర్శిగా ఎన్నుకోవడం అతనికి చాలా గొప్పగా ఉండేది. మీటింగు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వెళ్ళి కుర్చీలు వేయించేవాడు.

నవంబరులో తుపాను రాత్రి బెజవాడలో గాలి మాత్రమే తెలిసింది. తరవాత రేడియోలో, పేపర్లలో వచ్చిన వార్తలు చదువుతుంటే ఎవరికీ అన్నం సయించలేదు. అమలమ్మ పిల్లల పాత గౌన్లు, తన చీరలు మూట కట్టి కాన్వెంటు సిస్టర్లకి ఇచ్చింది. సంజీవరావు కూడా తన చొక్కాలు రెండు ఆ మూటలో పెట్టాడు.

డిసెంబరు మొదట్లో సంఘం కార్యవర్గం కూర్చుంది. అధ్యక్షుడు వెంకటకృష్ణారావుగారు రిటైరైన సూపరింటెండింగ్ ఇంజనీరు. ఉద్యోగమంతా ఈ డెల్టా కాలవల మీదే చేసిన మనిషి. మాట నెమ్మది, కానీ తిరుగులేని మాట.

"ఇంత ఎత్తు ఉప్పెన ఈ కోస్తాకి వందేళ్ళలో వచ్చి ఉండదు. ఏ ఊళ్ళో ఎంత ఎత్తు నీళ్ళొచ్చాయో గోడల మీద మరకలు చెరిగిపోకముందే కొలిచి పెట్టాలి. రేపు కరకట్ట కట్టేవాడికైనా, ఇళ్ళు కట్టేవాడికైనా అదే ఆధారం," అన్నారాయన.

అందులో తప్పేమీ లేదు. అందరూ ఒప్పుకున్నారు. ఆటోనగర్లో డీజిలు ఇంజన్ల వర్క్‌షాపు నడిపే హనుమయ్య మాత్రం గొంతు సవరించుకున్నాడు. సంఘంలో అతనొక్కడే మెకానికల్ ఇంజనీరు, కొంచెం మొహమాటస్థుడు.

"వెళ్తూ వెళ్తూ బియ్యమో దుప్పట్లో ఏమన్నా తీసుకెళ్దామాండీ?"

"అవి సర్కారు వాళ్ళు, మిషన్ల వాళ్ళు చూసుకుంటున్నారు హనుమయ్యగారూ. మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. ఈ కొలతలు ఇంకెవరు తీస్తారు చెప్పండి?"

సంజీవరావు తల ఊపాడు. తీర్మానం రాసింది అతనే. "ఉప్పెన నీటిమట్టాలను శాస్త్రీయంగా నమోదు చేయుటకు ఇది అపూర్వమైన అవకాశమని ఈ సమావేశము భావిస్తున్నది." వాక్యం బాగా కుదిరిందనిపించి పైకి రెండుసార్లు చదివాడు. మహాసభలో వ్యాసం చదివేది కూడా అతనేనని అధ్యక్షుడు అక్కడే ప్రకటించారు. ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్తుంటే సంజీవరావుకి హుషారుగా ఉంది. ఆ హుషారు తలుచుకుంటే తరవాత అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది.

ఆదివారం పొద్దున్నే వ్యానులో బయలుదేరారు. ఏడుగురు సభ్యులు, డ్రైవరు. వ్యాను ముందు గుడ్డ బానరు కట్టారు: కృష్ణా మండల ఇంజనీర్ల సంఘం, తుపాను ప్రాంత పరిశీలన. లోపల ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం, దాని మూడు కాళ్ళ స్టాండు, అడుగులూ అంగుళాలూ గుర్తులేసిన పొడుగాటి స్టాఫ్ కర్ర, కెమేరా, ఎర్ర పెయింటు డబ్బా. సీటు కింద పెద్ద వెదురుబుట్టలో మధ్యాహ్నానికి భోజనం. వెంకటకృష్ణారావుగారి భార్య పద్మావతమ్మగారు తెల్లవారుజామునే లేచి పులిహోర, గారెలు, పెరుగన్నం చేసి పంపారు.

చల్లపల్లి దాటేదాకా కబుర్లు సాగాయి. మోపిదేవి దగ్గర్నుంచి తగ్గాయి. అవనిగడ్డ దాటాక ఎవరూ మాట్లాడలేదు. తాటిచెట్లకి తలలు లేవు. కరెంటు స్తంభాలు నేలకి వంగిపోయి ఉన్నాయి. కోతకి రావలసిన చేలు బూడిదరంగులో నేలకి అంటుకుపోయాయి. దారిపొడుగునా బ్లీచింగు పౌడరు చల్లారు. దాని వాసన కింద నుంచి ఇంకో వాసన వస్తూనే ఉంది. ఒకాయన జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. కాసేపటికి అందరూ కట్టుకున్నారు.

వాళ్ళు ఎంచుకున్న చోటు మరియపాలెం. సముద్రానికి దగ్గరగా ఉన్న క్రైస్తవుల పల్లె. అంతా వ్యవసాయ కూలీలు. ఇళ్ళన్నీ పోయాయి కానీ ఇటుక గుడి ఒక్కటి నిలబడిందని, దాని గోడ మీద నీటి మరక స్పష్టంగా ఉందని ఎవరో చెప్పారు. రోడ్డు తెగి ఉండటంతో ఆఖరి మైలు గట్టు మీద కుదుపుకుంటూ వెళ్ళారు.

వ్యాను కనబడగానే పల్లెలో గంట మోగింది. ఎవరో పరిగెత్తారు. తాటాకులు కప్పుకున్న గుడిసెల్లోంచి, టార్పాలిన్ల కిందనుంచి మనుషులు బయటికి వచ్చారు. వ్యాను గుడి ముందు ఆగేసరికి రోడ్డు వారగా ఒక వరస తయారైంది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, వెనక మగవాళ్ళు. చేతుల్లో సత్తు గిన్నెలు, సొట్టలు పడ్డ పళ్ళేలు, అవి లేనివాళ్ళ చేతుల్లో కొబ్బరి చిప్పలు. ఒక్కరూ తోసుకోవడం లేదు.

సంజీవరావుకి మొదట అర్థం కాలేదు. స్టాఫ్ కర్ర చేత్తో పట్టుకుని దిగాడు. యాభై ఏళ్ళావిడ ఒకామె ఎదురొచ్చింది. పేరు శౌరమ్మ అని తరవాత తెలిసింది. ఎవరో దానమిచ్చిన నీలం చీర, మోచేతుల దాకా మానుతున్న గాట్లు.

"ఒచ్చారా అయ్యా! వరసలోనే ఉన్నారు, ఎవురూ ఎగబడరు. ముందు ముసలోళ్ళకీ బాలెంతలకీ పెట్టండి. మిగిలినోళ్ళం ఆనక తీసుకుంటాం. బియ్యమా అయ్యా, వండిందా?"

సంజీవరావు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాలే దిగిన వెంకటకృష్ణారావుగారే జవాబు చెప్పారు.

"మేం బియ్యం వాళ్ళం కాదమ్మా. ఇంజనీర్లం. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కొలవడానికి వచ్చాం."

ఆమె ఆయన మొహం వంక, వ్యాను వంక, కర్ర వంక చూసింది.

"కొలవండయ్యా," అంది. తరవాత వరస వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "కొలిచేవోళ్ళంట! కూకోండి!"

వరస కూర్చుంది. కానీ చెదరలేదు. కొలవడమంటే ముందు కొలిచి తరవాత పెడతారేమో అనుకున్నారు. అధికారులు అలా ఎన్నో చేస్తారు. ఎండలో గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. లేచి వెళ్ళమని చెప్పడానికి ఏడుగురిలో ఒక్కరికీ నోరు రాలేదు. త్వరగా పని ముగిస్తే సరిపోతుందని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

గుడికి ఎడంపక్క బావి ఉంది. లెక్కలకి కదలని ఆధారం ఒకటి, బెంచి మార్కు అంటారు దాన్ని, కావాలి గనక సంజీవరావు బావి గట్టు మీద స్టాఫ్ నిలబెట్టించి మొదటి రీడింగు తీసుకున్నాడు. బావిలోకి తొంగిచూడలేదు. పల్లెవాడొకడు అడక్కుండానే వచ్చి కర్ర పట్టుకున్నాడు. ఎటు జరపమంటే అటు జరిపాడు. సాయంచేస్తే తన వాళ్ళకి ముందు పెడతారని అతని ఆశ.

గుడి గోడ మీద మరక రెండు నిలువుల ఎత్తున ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో గీత గీశారు. "తేదీ వేసి సంఘం పేరు కూడా రాయించండి," అన్నారు అధ్యక్షుడు. నిచ్చెన లేకపోతే వ్యాను మీదికెక్కి రాశారు. సంజీవరావు చిన్నప్పుడు తండ్రితో ఇలాంటి గుడిలోకే చెప్పులు విప్పి వెళ్ళేవాడు. ఇప్పుడు బూట్లతోనే లోపలికి వెళ్ళి గోడ మందం కొలిచి వచ్చాడు. ఫొటోలు తీశారు. లెవెల్ పక్కన నిలబడ్డ సంజీవరావు, వెనక గుడి, ఆ పక్కన కూర్చున్న జనం, అన్నీ ఒక ఫొటోలో పడ్డాయి.

వెంట తెచ్చుకున్న ప్రశ్నావళిలో కొన్ని ఖాళీలు మిగిలాయి. వాటికోసం సంజీవరావు శౌరమ్మని పిలిచాడు.

"నీళ్ళు ఎప్పుడొచ్చాయమ్మా?"

"పొద్దుగూకే ఏళప్పుడయ్యా."

"మెల్లగా పెరిగాయా, ఒక్కసారే వచ్చాయా?"

"గోడ లేచి నడిచొచ్చినట్టు ఒచ్చింది."

"ఎంతసేపు ఉన్నాయి?"

"నాకేం తెలుసుద్ది బాబూ. గుడి పైకిటికీ దాకా ఎక్కాం. ఈ చేత్తో ఊచ పట్టుకున్నా. ఈ చేత్తో మా అమ్మాయిని పట్టుకున్నా. తెల్లారేతలికి ఊచే ఉంది."

సంజీవరావు పెన్ను ఆగలేదు. "వ్యవధి: తెల్లవారు వరకు" అని రాసుకున్నాడు. రాసుకుని, కాగితంలో తరవాతి ప్రశ్న చూసి అడిగాడు.

"తీసేటప్పుడు నీళ్ళు ఏ వైపు పోయాయమ్మా?"

ఆమె చెయ్యెత్తి సముద్రం వైపు చూపించింది. దించకుండా కాసేపు అలాగే ఉంచింది. "దక్షిణం" అని అతను రాశాడు.

మధ్యాహ్నం దాటింది. యంత్రం వ్యానులో పెట్టేశారు. అప్పుడే హనుమయ్య సీటు కింద బుట్ట బయటికి లాగాడు. "నేను ఇచ్చేస్తున్నానండీ," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. ఎవరూ కాదనలేదు. ఎనిమిదిమందికి చేసిన భోజనం తొంభైమంది ముందు పెట్టారు. వెంకటకృష్ణారావుగారు, "అమ్మా, మా దగ్గర ఉన్నది ఇంతే," అన్నారు.

శౌరమ్మ బుట్ట అందుకుంది. అందులోకి చూసి వరసని మళ్ళీ సర్దింది. పిల్లలకి తలా ఒక ముద్ద, బాలింతలకి గారె ముక్క, కళ్ళు కనబడని ఒక తాతకి పెరుగన్నం. పెద్దవాళ్ళు లేచి ఖాళీ గిన్నెలతో వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదని సంజీవరావుకి అనిపించింది.

వ్యాను ఎక్కబోతుంటే ఆమె వెనకాలే వచ్చింది. తాటాకు దొన్నెలో అడుగున కొంచెం పులిహోర.

"మీరూ తినాలిగా బాబూ. పొద్దుట్నించీ ఎండలో కొలిచారు."

అది ఆమె ఎకసెక్కానికి అనలేదు. అది అందరికీ తెలిసింది. వెంకటకృష్ణారావుగారు రెండు చేతులూ పట్టి దొన్నె అందుకున్నారు. నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నారు. మింగడం ఆయన వల్ల కాలేదు. డ్రైవరు మంచినీళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు.

"నీళ్ళు మాత్రం అడగమాకండి," అంది శౌరమ్మ. "బాయి చెడిపోయింది. గొడ్డు పడి కుళ్ళింది. అది తీసినా ఉప్పునీళ్ళే. ట్యాంకరు ఒచ్చిన్నాడే నీళ్ళు."

అప్పుడు సంజీవరావు వెళ్ళి బావిలోకి తొంగిచూశాడు. చూసి వెంటనే మొహం తిప్పేసుకున్నాడు. గట్టు మీద అతను సుద్దతో పెట్టుకున్న గుర్తు తెల్లగా మెరుస్తోంది.

ఇంటికి వచ్చి స్నానం చేశాక కూడా ముక్కులోంచి వాసన పోలేదు. అమలమ్మ అన్నం వడ్డించింది. అతను కంచం ముందు కూర్చుని లేచాడు.

"ఎట్లా ఉన్నారండీ పాపం, అక్కడి వాళ్ళు?"

చెప్పాడు, కొంత. గుడి సంగతి, తాటిచెట్ల సంగతి. వరస సంగతి చెప్పలేదు.

"మరి మీరేం తీసుకెళ్ళారు?"

"లెవెలూ, కెమేరా."

ఆమె ఇంకేమైనా చెబుతాడేమో అని చూసింది. అతను పెరట్లోకి వెళ్ళి మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాడు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్ళాడు. హనుమయ్య వర్క్‌షాపులో ఇంజను ఒకటి విప్పి ఉంది. అతను నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సంజీవరావు నోరు విప్పకముందే, "ఐదు హార్స్‌పవరు పంపు ఒకటి రెడీ చేస్తున్నానండీ," అన్నాడు. "బావి మొత్తం తోడేసి, పూడిక తీసి, బ్లీచింగు వేద్దాం. ఊరిన నీళ్ళు మళ్ళీ తోడదాం. నాలుగైదు దఫాలు తోడితే ఉప్పు తగ్గుతుందేమో. లారీ నాదే ఉంది. ఈ వారమే పోదామా?"

సంజీవరావు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఇది సంఘం తరఫున జరగాలి. బానరు కట్టి, నలుగురు సభ్యులు ఉండి, సరిగ్గా జరగాలి. మహాసభ దగ్గరపడింది. స్లైడ్లు చేయించాలి, గ్రాఫులు గీయించాలి, అతిథులకి లాడ్జీల్లో గదులు చూడాలి.

"మహాసభ కానివ్వండి హనుమయ్యగారూ. అది కాగానే అందరం కలిసే వెళ్దాం. మీరొక్కరే వెళ్తే బాగుండదు."

"బావికి మహాసభ సంగతి తెలీదు కదండీ," అని నవ్వబోయాడు హనుమయ్య. సంజీవరావు నవ్వకపోయేసరికి తనూ మానేశాడు. "సరే, మీ ఇష్టం," అన్నాడు. ఇంజను బిగించి ఒక మూల పెట్టాడు. దాని మీద గోనెపట్టా కప్పాడు.

మహాసభ జనవరి మూడో వారంలో జరిగింది. హాలు నిండిపోయింది. వేదిక మీద హైదరాబాదు పెద్దలు, మెడల్లో చేమంతి దండలు. రెండో రోజు మధ్యాహ్నం దీపాలు ఆర్పించి సంజీవరావు వ్యాసం మొదలుపెట్టాడు. కంఠం బాగానే పలికింది. మ్యాపు స్లైడు, గాలి వేగం స్లైడు, తరవాత మరియపాలెం స్లైడు.

తెర మీద అది గోడంత పెద్దగా పడింది. ఫొటో తీసినప్పుడు అతను లెవెల్ వైపే చూస్తున్నాడు. ఇప్పుడు వెనకున్న మొహాలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ముందు వరసలో శౌరమ్మ కెమేరా వైపు చూస్తోంది. ఆమె ఒళ్ళో సత్తు గిన్నె.

"ఒక ప్రశ్న అండీ," అని చీకట్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. రామతులసి అని, పాలిటెక్నిక్‌లో లెక్చరరు. సభకి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళలో ఒకావిడ. "ఆ కూర్చున్నవాళ్ళు ఎవరండీ? సర్వే కోసం పెట్టుకున్న కూలీలా?"

సంజీవరావు చేతిలో కాగితం మీద ఆ స్లైడుకి "స్థానికుల సహకారంతో" అని రాసి ఉంది. చదివితే సరిపోయేది.

"కాదండీ," అన్నాడు. "మేం అన్నం తెచ్చామనుకుని వరసలో కూర్చున్నారు. మేం తేలేదు. మా పని అయ్యేదాకా వాళ్ళు అట్లాగే కూర్చున్నారు."

తెర మీద స్లైడు అలాగే ఉంది.

"బెంచి మార్కు బావి గట్టు మీద అన్నారు. ఆ బావి నీళ్ళు తాగుతున్నారా మరి?" అని ఆవిడే మళ్ళీ అడిగింది. నిలదీయాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"లేదండీ. అవి తాగడానికి పనికిరావు."

"దానికేమన్నా చేశారా?"

"ఇంకా ఏమీ చెయ్యలేదండీ."

ఎవరో దగ్గారు. వేదిక మీద నుంచి హైదరాబాదు పెద్దాయన ఒకరు మైకు దగ్గరికి జరిగి, "చాలా హృదయవిదారకమైన విషయం," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్," అన్నారు. నెక్స్ట్ స్లైడు గ్రాఫు. సంజీవరావు గ్రాఫు వివరించాడు. తడబడకుండా వివరించగలిగినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. దీపాలు వెలిగాక చప్పట్లు బాగానే మోగాయి. సాయంత్రం షీల్డు బెజవాడ శాఖకే ఇచ్చారు. కార్యదర్శి గనక వేదికెక్కి అందుకోవలసింది అతనే. ఫొటోగ్రాఫరు "కొంచెం నవ్వండి సార్" అంటే నవ్వాడు.

రాత్రి భోజనాల దగ్గర వెంకటకృష్ణారావుగారు పక్కకి పిలిచారు. చీవాట్లు తప్పవనుకున్నాడు సంజీవరావు.

"నన్ను అడిగుంటే నేను చెప్పలేకపోయేవాణ్ణయ్యా," అన్నారాయన. ఆయన చేతిలో ప్లేటు అలాగే ఉంది. "కూలీలనే చెప్పుండేవాణ్ణి. పంపు సంగతి హనుమయ్య చెప్పాడు. నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"మహాసభ అయ్యాక చెబుదామని..."

"అయిపోయిందిగా."

ఆదివారం లారీలో వెళ్ళారు. హనుమయ్య, సంజీవరావు, వెంకటకృష్ణారావుగారు, అంతే. లారీకి బానరు కట్టలేదు. వెనక పంపు, గొట్టాలు, డీజిలు, బ్లీచింగు పౌడరు, ఆరు బస్తాల బియ్యం. డ్రైవరు పక్కన వెంకటకృష్ణారావుగారు పాత ఖాకీ నిక్కరు వేసుకుని కూర్చున్నారు. సంజీవరావు వెనక పంపు పక్కన కూర్చున్నాడు. రోడ్డంతా శౌరమ్మకి ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు.

మరియపాలెంలో బావి శుభ్రంగా ఉంది. గట్టుకి సున్నం వేశారు. ఒక అమ్మాయి చేదతో నీళ్ళు తోడుతోంది.

"మేమే తోడుకున్నాం బాబూ," అంది శౌరమ్మ. "సిస్టరమ్మలు చాంతాళ్ళూ చేదలూ ఇచ్చారు. ఆడోళ్ళం మగోళ్ళం వంతులేసుకుని తోడాం. అరచేతులు ఊడొచ్చినయ్యనుకో. ఇంకా ఉప్పుగానే ఉంటయ్, గిన్నెలు తోముకోటానికి పనికొస్తయ్."

లారీలో ఉన్న ఇంజను ఆ పని ఒక్క పూటలో చేసేది. డిసెంబరు నుంచీ అది ఆటోనగర్లో గోనెపట్టా కిందే ఉంది. సంజీవరావు ఆమె అరచేతుల వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాడు.

"అమ్మా, మేం అప్పుడే వచ్చి ఉండాల్సింది," అని మాత్రం అనగలిగాడు.

"ఇప్పుడొచ్చారుగా," అందామె. క్షమించినట్టూ లేదు, తప్పుపట్టినట్టూ లేదు. ఆమెకి ఆ సంగతి అంత ముఖ్యమైనదిగా లేదు. లారీలోకి చూసి పంపు ఏమిటో అడిగి తెలుసుకుంది. "అయితే పడమటిగుంట పొండి. అక్కడ బాయి అట్టానే ఉంది. తోడేవోళ్ళు లేరు."

"ఎందుకు లేరు?" అని హనుమయ్య అడగబోయి ఆగిపోయాడు.

పడమటిగుంట అక్కడికి కోసెడు దూరం. పల్లె ఉన్న చోట మట్టి దిబ్బలు, రోళ్ళు మిగిలాయి. బతికిన కొద్దిమంది అవనిగడ్డ దగ్గర శిబిరంలో ఉన్నారట. లాజరు అనే ఒక్కడు మాత్రం తిరిగొచ్చి తాటాకు పాక వేసుకుని ఉంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎందుకొచ్చారని అడగలేదు. గొట్టం మోయడానికి భుజం పట్టాడు.

ఇంజను మూడో తిప్పుకి అందుకుంది. మొదట నల్లటి నీళ్ళు వచ్చాయి. మధ్యమధ్య గొట్టానికి అడ్డుపడితే సంజీవరావు నడుముకి తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. గడ్డి, తాటాకు మట్టలు, ఒక ఎద్దు కొమ్ము, విరిగిన ఉయ్యాల చెక్క తీసి పైకి పంపాడు. పసుపురంగు చీర ముక్క ఒకటి రాయికి చుట్టుకుని వచ్చింది. లాజరు దాన్ని నేల మీద పరిచి బురద తుడిచి చూశాడు.

"కాదు," అన్నాడు. ఎవరూ అడగలేదు.

దాన్ని మడిచి గట్టు మీద పెట్టాడు. మళ్ళీ వచ్చి తాడు పట్టుకున్నాడు.

సాయంత్రానికి అడుగు కనబడింది. బ్లీచింగు కలిపి గోడలు రుద్దారు. ఊట మొదలయ్యాక వెంకటకృష్ణారావుగారు చేదతో కొంచెం తోడి దోసిట్లో పోసుకుని నాలిక మీద వేసుకున్నారు.

"ఉప్పు. వానలు పడేదాకా వారం వారం తోడాల్సిందే. అప్పటికి తగ్గచ్చు, తగ్గకపోనూవచ్చు."

హనుమయ్య ఇంజను అక్కడే వదిలేద్దామన్నాడు. లాజరుకి హ్యాండిలు ఎలా తిప్పాలో, డీజిలు ఎంత పొయ్యాలో చూపించాడు. రెండు బస్తాల బియ్యం పాకలో దించారు. మిగతావి అంతకుముందే మరియపాలెంలో దించి వచ్చారు.

తిరుగుదారిలో చల్లపల్లి దగ్గర టీ తాగారు. సంఘం నెలనెలా తెచ్చే వార్తాపత్రిక ఉంది; అది రాసేదీ సంజీవరావే. అలవాటుకొద్దీ అడిగాడు.

"ఈ నెల పత్రికలో దీని గురించి ఏం రాయమంటారు సార్?"

పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి అతని వంక చూశారు. ఆ చూపుకి సంజీవరావు చెవులు వేడెక్కాయి.

"ఏమీ రాయకు," అన్నారు. తరవాత కొంచెం మెత్తబడి, "బావులింకా ఎన్నున్నాయో కనుక్కుని, ఎవరు వస్తారో అడుగుతూ రాయి. మనం చేశామని రాయకు," అన్నారు.

అలాగే రాశాడు. తరవాతి ఆదివారం ఐదుగురు వచ్చారు. రామతులసి ఉప్పు పరీక్షించే సీసాలు పట్టుకుని తన విద్యార్థినులు ఇద్దరితో వచ్చింది. ఆ పైవారం ఇద్దరే వచ్చారు. ఇంకో వారం సంజీవరావు ఒక్కడే బస్సులో వెళ్ళాడు. ఆ ఎండాకాలంలో తొమ్మిదో పదో బావులు తోడారు. కొన్ని బాగుపడ్డాయి, కొన్ని పడలేదు. పడమటిగుంట బావి నీళ్ళు ఆగస్టు వానల తరవాత నోట్లో పెట్టుకోగలిగేట్టు వచ్చాయి. అప్పటికి శిబిరం నుంచి నాలుగు కుటుంబాలు తిరిగొచ్చాయి.

ఒక రాత్రి అమలమ్మకి వరస సంగతంతా చెప్పాడు. శౌరమ్మని అడిగిన ప్రశ్నలు కూడా, ఒక్కటీ దాచకుండా వరసగా చెప్పాడు. ఆఖరి ప్రశ్న చెప్పాక అమలమ్మ అతని వంకే చూసింది. అతను ఆమె ఏదో ఒకటి అంటే బాగుండునని చూశాడు.

"ఆవిడ కూతురి పేరేంటి?" అని అడిగింది.

సంజీవరావుకి తెలీదు. ఎన్నిసార్లు వెళ్ళినా అడగలేదు. ఆ ఆదివారం వెళ్ళినప్పుడు అడిగాడు. శౌరమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా చెప్పింది. కాసేపటికి చేట పక్కన పెట్టి, కూతురు ఎట్లా ఉండేదో, ఏం తినేదో, ఎవరి మీద అలిగేదో చెప్పడం మొదలుపెట్టింది. అతను జేబులో పెన్ను ఉన్న సంగతి మర్చిపోయి, ఆమె ఆపేదాకా అక్కడే మట్టిలో కూర్చున్నాడు.